పాత జిప్సీ కొన్నారా? టైర్ల షాపుకి వెళ్లేముందు ఒకసారి బండి కింద పడుకోండి

పాత మారుతి జిప్సీ ఇంటికొచ్చిన వారంలో ఎవరైనా చేసే మొదటి పని పెద్ద టైర్ల రేటు కనుక్కోవడం. ఆ తర్వాత ఇనప బంపర్, ఆ తర్వాత పైన లైట్ల పట్టీ. నేనూ అచ్చం అలాగే చేశాను. నాది 1999 నాటి జిప్సీ కింగ్, కార్బ్యురేటర్ బండి, విశాఖలో సముద్రపు గాలి తగిలేచోట ఏళ్ల తరబడి ఆరుబయట నిలబడిన బండి. కొత్త టైర్లు వేయించుకుని అరకు బయల్దేరితే శృంగవరపుకోట దాటకుండానే, తిన్నని రోడ్డు మీద అరవై ఐదు స్పీడు దగ్గర చిన్న గుంతలో పడగానే స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోయేంతగా కొట్టుకోవడం మొదలైంది. బ్రేకు మెల్లగా తొక్కి పూర్తిగా ఆపేదాకా ఆ ఊపు ఆగలేదు. టైర్లకి పెట్టిన డబ్బుతో ముందు చక్రాల లోపల బేరింగులు, సీళ్లు, బ్రేకులు అన్నీ కొత్తవి పడేవని తర్వాత లెక్క తేలింది.

అందుకే ఈ వ్యాసమంతా వరుస గురించే. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది సరిగ్గా పెట్టుకుంటే సగం ఖర్చు తప్పుతుంది. ఉదాహరణకి జిప్సీనే తీసుకుంటున్నాను, ఎందుకంటే నాకు బాగా తెలిసిన బండి అదొక్కటే. 1985లో 970 సీసీ ఇంజనుతో వచ్చింది, 1996లో 1298 సీసీ ఇంజను, ఐదు గేర్లతో కింగ్ అయింది, 2000లో కార్బ్యురేటర్ బదులు పెట్రోలుని చిమ్మే ఎంపీఎఫ్ఐ పద్ధతి పెట్టారు, 2019 నాటికి షోరూముల్లో అమ్మకం ఆగిపోయింది. అంటే ఇప్పుడు దొరికేవన్నీ వయసు మీరినవే. మహీంద్రా పాత జీపులున్నవాళ్లకి కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది, ఛాసిస్ మీద బాడీ, కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు), ముందు వెనక చక్రాల వేగం తేడాని సర్దే సెంటర్ డిఫరెన్షియల్ లేని ఫోర్ వీల్, మూల సూత్రం ఒకటే.

మొదట కడిగించండి, తర్వాత కింద పడుకోండి

కింద నుంచి వాటర్ సర్వీసింగ్ చేయించండి. బురద, పాత గ్రీజు పోతేగానీ ఏది కారుతోందో, ఏది విరిగిందో కనపడదు. ఒక్క షరతు, కడిగాక పాత ఇంజన్ ఆయిల్ కొట్టనివ్వకండి. మనవైపు సర్వీసింగ్ షెడ్లలో అడగకుండానే కొట్టేస్తారు, తుప్పు రాదని. కొన్నాళ్లు నిజంగానే రాదు, కానీ ఆ ఆయిల్ దుమ్మంతా పట్టి ఉంచుతుంది, రబ్బరు బుష్‌లని ఉబ్బించి మెత్తబరుస్తుంది, పైగా కొత్తగా లీకేజీ ఏదైనా మొదలైతే మీకు తెలియనే తెలియదు.

జాకీ మీద ఉన్న బండి కిందకి ఎప్పుడూ దూరకండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టి పని చేసేవాళ్లని చూస్తూనే ఉంటాం, నేనూ చేశాను, ఒకరోజు ఇటుక పగిలి బండి నాలుగంగుళాలు కిందకి దిగింది, అప్పటికి నా చెయ్యి మాత్రమే లోపలుంది, అదీ తీసేసుకున్నాను. ఇనప స్టాండ్లు ఒక జత కొనుక్కోండి. జాకీతో లేపి, స్టాండ్లు యాక్సిల్ హౌసింగ్ కిందో ఛాసిస్ కిందో పెట్టి, నేల మీదున్న చక్రాలకి ముందూ వెనకా రాయో చెక్కో అడ్డం పెట్టి, బండిని చేత్తో గట్టిగా ఊపి చూసి, కదలకపోతేనే కిందకి వెళ్లండి.

కింద చూడాల్సినవి: ఛాసిస్ మీద, ముఖ్యంగా వెనక కట్టలు తగిలించే చోట, స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నది డొల్లగా, మందంగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి, దిగిపోతే దిగిపోనివ్వండి, ఇప్పుడే తెలియడం మంచిది. తర్వాత లోపల మ్యాట్లన్నీ ఎత్తేయండి. జిప్సీకి ఎక్కువగా నేల రేకు, డోర్ల కింది అంచు, వెనక తలుపు కింది భాగం పోతాయి. నా బండిలో డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్ ఎత్తితే రోడ్డు కనిపించింది.

చూసినదంతా ఫోన్‌లో ఫొటోలు తీసి, ఒక కాగితం మీద రాసుకోండి. ఇంకా ఏమీ విప్పకండి.

నూనెలు: ఒకటి కాదు, ఐదు

మామూలు కారు అలవాటుతో ఇంజన్ ఆయిల్ ఒక్కటే మార్చి ఊరుకుంటారు చాలామంది. ఇందులో ఇంజను కాక గేర్ బాక్సు, దాని వెనక విడిగా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే పెట్టె), ముందు హౌసింగ్, వెనక హౌసింగ్ (యాక్సిల్, డిఫరెన్షియల్ ఉండే గూళ్లు), ఇలా ఇంకో నాలుగు చోట్ల ఆయిల్ ఉంటుంది. పాత యజమాని "అన్నీ మార్పించానండి" అన్నా నమ్మకండి, ఆయన అబద్ధం చెప్పాడని కాదు, ఆయనకీ షెడ్డువాళ్లు అలాగే చెప్పి ఉంటారు.

బండిని పదిహేను నిమిషాలు నడిపి తీసుకురండి, వేడికి ఆయిల్ పలచబడి బాగా దిగుతుంది. సమతలమైన చోట పెట్టండి. ముందు పైనున్న నింపే బోల్టు విప్పండి, అది విప్పాకే కింది డ్రెయిన్ బోల్టు జోలికి వెళ్లండి. ఈ వరుస మర్చిపోతే ఏమవుతుందంటే, ఆయిలంతా కారిపోయాక పై బోల్టు జామ్ అయిందని తెలుస్తుంది, బండి ఎటూ కదలదు, మెకానిక్‌ని ఇంటికే పిలిపించుకోవాలి. బోల్టు రాకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి, సరిగ్గా పట్టే పానా వాడండి, పైపు రెంచితో పట్టి తిప్పితే బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది.

దిగిన ఆయిల్‌ని చూడటం అన్నిటికన్నా ముఖ్యం. నల్లగా ఉంటే పాతది, అంతే. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి మెత్తటి బూడిద పేస్టులా అంటుకుంటే అది మామూలు అరుగుదల. మెరిసే ముక్కలు, పళ్ల తునకలు వస్తే ఆ బాక్సు విప్పక తప్పదు. పాలు పోసిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. ఎలా వెళ్తాయి అంటే, గంటసేపు నడిచి వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా చల్లటి వాగులో దిగుతుంది, లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి నుంచి గాలి లాక్కోవడానికి పైన బ్రీథర్ అని చిన్న రంధ్రం ఉంటుంది, అది మట్టితో మూసుకుపోతే ఆయిల్ సీలు పక్కల నుంచి నీటిని పీల్చుకుంటుంది. కాబట్టి ఆయిల్ మార్చేటప్పుడే బ్రీథర్లు విప్పి కిరోసిన్‌తో కడగండి. వీలైతే వాటికి రబ్బరు పైపు తగిలించి ఇంజన్ గదిలో పైకి కట్టేయండి. వందలతో అయిపోయే పని.

కొత్తది పోసేటప్పుడు గేర్ బాక్సుకి జీఎల్-4 రకం, హౌసింగులకి జీఎల్-5 రకం హైపాయిడ్ గేర్ ఆయిల్. అన్నిటికీ ఒకే డబ్బా పోసేస్తే పోదా అంటారు షాపుల్లో. జీఎల్-5లో కలిపే కొన్ని రసాయనాలు గేర్ బాక్సులోని ఇత్తడి సింక్రో రింగులకి పడవు, గేర్లు గరగరలాడటం మొదలవుతుంది. గేర్ బాక్సుకి లీటరుంబావు పైచిలుకు, ట్రాన్స్‌ఫర్‌కి లీటరు లోపు, హౌసింగులకి ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు పడుతుంది. కొలిచి పోయక్కర్లేదు, నింపే రంధ్రం అంచు దాకా వచ్చి బయటికి కారబోతే నిండినట్టే. పాలరంగు వచ్చిన హౌసింగ్‌లో కొత్త ఆయిల్ పోసి, వందా రెండొందల కిలోమీటర్లు తిప్పి, మళ్లీ ఒకసారి దింపి మార్చండి.

ముందు చక్రాల గుండు: అసలు కథ ఇక్కడ

జిప్సీ ముందు చక్రం వెనక ఫుట్‌బాల్‌లో సగం ముక్కలా గుండ్రటి ఇనప గుండు కనపడుతుంది. దాని లోపల చక్రాన్ని తిప్పే జాయింటు గ్రీజులో మునిగి ఉంటుంది. పైనా కిందా చెరో కింగ్ పిన్, వాటికి చిన్న టేపర్ బేరింగులు. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగేది వాటి మీదే. ఏళ్ల తరబడి తిన్నగా వెళ్తూ దెబ్బలన్నీ ఒకేచోట తగిలి, బేరింగ్ కప్పులో గాట్లు పడతాయి. నేను పైన చెప్పిన ఊపు చాలాసార్లు వచ్చేది ఇక్కడి నుంచే.

పరీక్ష చెప్తాను. ముందు చక్రం గాల్లో ఉండేలా లేపి స్టాండ్ పెట్టండి. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. టక్కు టక్కుమని ప్లే, అంటే వదులు, తెలిసిందా? ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కి ఉంచమనండి, మళ్లీ ఊపండి. ప్లే పోతే అది వీల్ బేరింగ్. ఇంకా ఉంటే కింగ్ పిన్. తర్వాత చక్రాన్ని కుడీ ఎడమా పట్టుకుని ఊపండి, అప్పుడొచ్చే ప్లే టై రాడ్ ఎండ్‌లదో (స్టీరింగ్ రాడ్డు చివరి జాయింట్లు) స్టీరింగ్ బాక్సుదో. మా మేస్త్రీ ఈ పరీక్ష చేసి, "బాబూ, ఇంజనెక్కడికీ పోదు, ముందు నువ్వు పోకుండా చూసుకో" అన్నాడు.

స్టీరింగ్ ఊపు వస్తే కొంతమంది స్టీరింగ్ డ్యాంపర్ (ఊపుని అణిచే చిన్న షాక్ అబ్జార్బర్) కొత్తది వేసి పంపించేస్తారు. కొన్ని నెలలు బాగానే ఉంటుంది. రోగం అలాగే ఉండి నొప్పి తెలియకుండా మాత్ర వేసినట్టు. ఇంకొందరు స్టీరింగ్ బాక్సు మీదున్న స్క్రూ బిగిస్తారు, అది ఎక్కువ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, ఘాట్ రోడ్డులో అది ఇంకా ప్రమాదం. చక్రాల బ్యాలెన్సింగ్, టైరు ఉబ్బు, అరిగిన కట్ట బుష్‌లు కూడా ఊపు తెస్తాయి కాబట్టి అవీ చూడండి.

కింగ్ పిన్ బేరింగులు మార్చడం ఇంట్లో చేయొచ్చు, ఒక ఆదివారం పూర్తిగా పోతుంది. చక్రం తీసి, బ్రేక్ కాలిపర్ విప్పి తీగతో కమానుకి వేలాడదీయండి, రబ్బరు పైపు మీద బరువు పడనివ్వకండి. టై రాడ్ ఎండ్ ఊడదీయడానికి దాని మర మీద సుత్తితో కొడితే మర పాడవుతుంది, అది దూరి ఉన్న కన్ను పక్క భాగం మీద రెండు దెబ్బలు కొడితే దానంతట ఊడి వస్తుంది. హబ్, స్పిండిల్ తీశాక యాక్సిల్ బయటికి లాగండి. పై కింగ్ పిన్ కింద, కింది కింగ్ పిన్ మీద పల్చటి రేకు షిమ్‌లు ఉంటాయి, పైవి ఒక కవర్లో, కిందివి ఇంకో కవర్లో వేసి కవరు మీద రాయండి, కలిపేశారా అయిపోయారు.

లోపల గ్రీజు చూడండి. గట్టిగా నల్లగా ఉంటే మంచిది. పలచగా పులుసులా కారితే హౌసింగ్ ఆయిల్ లోపలి సీలు దాటి వచ్చేసిందని అర్థం, గుండు కింద నేల మీద చుక్కలు పడేది అందుకే. బండిని ఇంతదాకా విప్పాం కాబట్టి ఆ లోపలి ఆయిల్ సీలు, గుండు చుట్టూ ఉండే రబ్బరు, ఫెల్ట్ సెట్టు అన్నీ ఎలాగూ మార్చేయాలి. ఎనభై రూపాయల సీలు మిగుల్చుకుని మళ్లీ ఇదంతా విప్పుకోవడం నేను చేసిన ఇంకో ఘనకార్యం. కొత్త సీలు బిగించేముందు గుండు మీద తుప్పు గుంటలు ఉంటే సన్నటి ఎమరీ పేపర్‌తో నున్నగా చేయండి, లేకపోతే కొత్త రబ్బరు కూడా నెలలోనే కోసుకుపోతుంది. కిరోసిన్‌తో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, కొత్త బేరింగుల్లోకి గ్రీజుని అరచేత్తో నొక్కి ఎక్కించి, జాయింటు చుట్టూ నింపండి. తిరిగి బిగించాక గుండు చుట్టూ ఉన్న, చక్రాన్ని మోసే భాగాన్ని చేత్తో తిప్పితే కొంచెం గట్టిగా, ఎక్కడా పట్టుకోకుండా తిరగాలి. ఆ గట్టిదనాన్ని మ్యాన్యువల్లో స్ప్రింగ్ త్రాసుతో కొలవమని ఉంటుంది, కూరగాయల త్రాసు కాదు గానీ చేపలు తూచే కొక్కెం త్రాసు చక్కగా పనికొస్తుంది. వదులైతే షిమ్ తీయాలి, మరీ బిగుతైతే కలపాలి.

ధైర్యం చాలకపోతే మెకానిక్‌కే ఇవ్వండి, తప్పేం లేదు, కానీ పక్కన నిలబడండి.

బ్రేకులు

ఇందులో బేరాలాడే పని లేదు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఘాట్ దిగేటప్పుడు వేడికి ఆ తేమ ఆవిరై పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఎప్పుడు మార్చారో తెలియని ఆయిల్ మొత్తం దింపేసి డబ్బా మూత మీద రాసిన రకం, డాట్ 3 అయితే అదే, పోయించి గాలి తీయించండి. ఆ తర్వాత రెండేళ్లకోసారి. రబ్బరు పైపులు మడిచి చూడండి, పగుళ్లుంటే అన్నీ మార్చేయండి. వెనక డ్రమ్ములు విప్పితే లైనర్లు తడిగా ఉన్నాయా? ఆ తడి బ్రేక్ ఆయిలైతే వీల్ సిలిండర్ పోయింది, గేర్ ఆయిల్ వాసన వస్తే వెనక యాక్సిల్ సీలు పోయింది. తడిసిన లైనర్లని పెట్రోలుతో కడిగి మళ్లీ వేసే అలవాటు షెడ్లలో ఉంది, ఒప్పుకోకండి, మళ్లీ పట్టవు.

జాయింట్ రాడ్లు, ట్రాన్స్‌ఫర్ కేసు

జిప్సీలో గేర్ బాక్సు నుంచి ట్రాన్స్‌ఫర్ కేసుకి ఒక పొట్టి రాడ్డు, అక్కడి నుంచి ముందుకొకటి, వెనక్కొకటి. ఇంజను శక్తిని మోసేది ఈ రాడ్లే. మూడు రాడ్లకీ క్రాసులుంటాయి, అంటే కోణం మారినా రాడ్డు తిరిగేలా చేసే ప్లస్ ఆకారపు జాయింట్లు. క్లచ్ వదిలినప్పుడల్లా కింద 'టంగ్'మంటే సాధారణంగా క్రాసు అరిగినట్టు. బండి కదలకుండా చక్రాలకి అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, రాడ్డుని చేత్తో మెలితిప్పండి, క్రాసు దగ్గర ప్లే వేలికి తెలిసిపోతుంది. విప్పేముందు రాడ్డుకీ ఫ్లాంజికీ కలిపి పెయింటుతో ఒక గీత గీయండి, తిరిగి అదే గీత కలిసేలా బిగించకపోతే కొత్త క్రాసు వేసినా వైబ్రేషన్ వస్తుంది. గ్రీజు నిప్పిళ్లు ఉన్నచోటల్లా గ్రీజు గన్‌తో పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టండి, వాగు దాటొచ్చిన ప్రతిసారీ మళ్లీ కొట్టండి.

ట్రాన్స్‌ఫర్ కేసు మూడు రబ్బరు మౌంటింగుల మీద వేలాడుతుంది. అవి చిరిగితే కేసు పక్కకి వాలి, పొట్టి రాడ్డు కోణం మారి, బండంతా ఊళ వేస్తుంది. గేర్లు పోయాయేమోనని కేసు మొత్తం విప్పించిన వాళ్లున్నారు. ముందు రబ్బర్లు చూడండి.

కమాను కట్టలు

కట్ట వంగిపోయి బండి ఒకవైపు ఒరిగితే, ఆటోనగర్‌లో కట్టల షాపు వాళ్లు పట్టీలు తీసి మళ్లీ వంపు తిప్పి ఇస్తారు. విజయవాడ ఆటోనగర్ అయితే సరే సరి, అక్కడ దొరకని పట్టీ ఉండదు. ఎత్తు పెంచమని మాత్రం అడగకండి. ఎత్తు పెరిగితే రాడ్ల కోణం మారి, క్రాసులు త్వరగా పోతాయి, స్టీరింగ్ తేడాగా లాగుతుంది.

బుష్‌లు మార్చేవాళ్లకి ఒక్క మాట: షాకిల్ (కట్టని ఛాసిస్‌కి తగిలించే కొక్కెం) బోల్టులని చక్రాలు గాల్లో ఉండగా పూర్తిగా బిగించకండి. వదులుగా తగిలించి, బండిని నేల మీదకి దింపి, బరువు పడ్డాక నాలుగుసార్లు ఊపి అప్పుడు బిగించండి. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలితిరిగిన స్థితిలోనే ఉండి ఏడాదికే చీలిపోతుంది.

ఇంజను, చల్లదనం, పెట్రోలు

జిప్సీ కింగ్ ఇంజను మొండిది. ఎస్టీమ్‌కీ దీనికీ 1298 సీసీ జీ13 కుటుంబమే కాబట్టి చాలా సామాను ఇంకా దొరుకుతుంది, దొరకడం కష్టమయ్యేది ఫోర్ వీల్ సామానే. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు వేశారో కాగితం లేకపోతే వెంటనే మార్చేయండి. లక్ష కిలోమీటర్లు తిరగలేదు కదా అనొద్దు, రబ్బరుకి కిలోమీటర్లే కాదు, ఏళ్లు కూడా లెక్కే. బెల్ట్‌తో పాటు టెన్షనర్, విప్పే ఉంది కాబట్టి వాటర్ పంపు కూడా.

బండి వేడెక్కుతోందంటే మన మెకానిక్‌లు చేసే మొదటి పని థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని కవాటం) పీకి పారేయడం. దాంతో ఇంజను అసలు సరైన వేడికే రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి అరుగుదల పెరుగుతుంది. అసలు కారణం చాలావరకు బోరు నీళ్లు. ఆ ఉప్పు రేడియేటర్ సన్న గొట్టాల్లో సున్నంలా గడ్డకడుతుంది. రేడియేటర్ విప్పించి శుభ్రం చేయించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. బీచ్ రోడ్డులో తిరిగే బండ్లకి బయటి ఫిన్స్ కూడా తుప్పుకి పొడిలా రాలుతుంటాయి, వేలితో రుద్ది చూడండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 పెట్రోలు, అందులో ఐదో వంతు ఇథనాల్. 1990ల నాటి రబ్బరు పైపులకి ఇథనాల్ పడదు, ఉబ్బుతాయి, పగులుతాయి. ఇంజను పైనే సన్నగా పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా రబ్బరు పైపులన్నీ ఇథనాల్‌కి ఆగే రకంతో మార్చండి, క్లిప్పులతో సహా. ఇథనాల్ తేమని కూడా లాగుతుంది కాబట్టి నెలల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టకండి, ఇనప ట్యాంకు లోపల తుప్పు పట్టి ఫిల్టరు మాటిమాటికీ మూసుకుపోతుంది.

కరెంటు పనులు

సెల్ఫ్ బలహీనంగా తిరిగితే బ్యాటరీ కొనేముందు ఎర్తింగ్ చూడండి. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి, ఇంజను నుంచి ఛాసిస్‌కి వెళ్లే తీగలు విప్పి, తగిలే చోట రంగూ తుప్పూ గీకి, మెరిసేలా చేసి బిగించి, పైన కాస్త వాజలీన్ పూయండి. మీటరుంటే బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. హెడ్‌లైట్లు గుడ్డిగా ఉన్నాయని పెద్ద బల్బులు వేసే బదులు రిలే, ఫ్యూజు పెట్టించండి, పాత స్విచ్చి కాలిపోకుండా ఉంటుంది.

తుప్పు

యాంత్రికమైన పనులయ్యాకే టింకరింగ్ షెడ్డుకి వెళ్లండి, రంగేశాక బోల్టులు విప్పితే రంగంతా గీతలు పడుతుంది. పోయిన రేకు మీద పుట్టీ పెట్టి రంగు కొట్టేస్తే ఒక వానాకాలం ఆగుతుంది. పోయిన ముక్క మంచి ఇనుము కనపడేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించి, రెడ్ ఆక్సైడ్ కొట్టించి, కింద వైపు అండర్ కోటింగ్ వేయించాలి. తడి తుప్పు మీద అండర్ కోటింగ్ వేస్తే తేమ లోపలే ఉండిపోయి ఇంకా వేగంగా తింటుంది. వెల్డింగ్ ముందు బ్యాటరీ తీగలు రెండూ తీయించండి, ట్యాంకు దగ్గర పనైతే ట్యాంకు దింపించాల్సిందే. డోర్ల కింద నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, పుల్లతో తెరవండి. ఇసుకలో తిప్పిన రోజే మంచినీళ్లతో కింద కడగండి, రేపు కడుగుదాం అనుకుంటే మర్చిపోతాం.

ఇంకో సంగతి, మిలిటరీ వేలంలో కొన్న బండికి ఆ ఆకుపచ్చ రంగు ముచ్చటగానే ఉంటుంది గానీ, కేంద్ర మోటారు వాహనాల నిబంధన 121 ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. మార్చేయండి.

ఫోర్ వీల్ వాడకం

వాడని ఫోర్ వీల్ తుప్పు పట్టి, కావాల్సినరోజు లివర్ కదలదు. నెలకోసారి మట్టి రోడ్డు మీదకి తీసుకెళ్లి, ముందు చక్రాల హబ్‌లు చేత్తో తిప్పే రకమైతే రెండూ లాక్ చేసి, 4హెచ్‌లో (ఫోర్ వీల్ మామూలు గేరు) ఒకట్రెండు కిలోమీటర్లు నడపండి. 4ఎల్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) వేయాలంటే బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి వేయాలి.

పొడి తారు రోడ్డు మీద మాత్రం ఎప్పుడూ వేయకండి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి, మధ్యలో ఆ తేడాని సర్దే డిఫరెన్షియల్ జిప్సీకి లేదు. మట్టి మీదైతే టైరు జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు, ఆ బలమంతా క్రాసుల మీదా ట్రాన్స్‌ఫర్ గేర్ల మీదా పడుతుంది. లివర్ వెనక్కి రాకుండా ఇరుక్కుంటే కంగారుపడి లాగకండి, నాలుగడుగులు రివర్సులో తిన్నగా పోనిస్తే వదులుతుంది. ముందు రెండు కొత్త టైర్లు, వెనక రెండు అరిగినవి వేసి ఫోర్ వీల్ వాడినా ఇదే బాధ. నాలుగూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. కంపెనీ సైజు 205/70 ఆర్15 చాలు, వంజంగి మట్టి బాటకైనా మారేడుమిల్లి వాగులకైనా.

కాగితాలు

సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫారం 25 పెట్టి, బండి చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. గడువుకి అరవై రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. వేరే రాష్ట్రం బండైతే ఎన్ఓసీ (ఆ రాష్ట్ర ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు మూడూ కలిసాయో లేదో డబ్బులిచ్చేముందే చూడండి, ఛాసిస్ నంబరు మీద తుప్పు ఉంటే మెల్లగా కిరోసిన్ గుడ్డతో తుడవండి గానీ ఎమరీతో రుద్దకండి, అంకెలు చెరిగితే ఆఫీసులో మిమ్మల్నే అనుమానిస్తారు. తనిఖీకి వెళ్లే ముందురోజు పైనున్న ఆ లైట్ల పట్టీ ఇంట్లో విప్పి పెట్టేసి వెళ్లండి. నాది ఇప్పటికీ అటక మీదే ఉంది.